ప్లాస్టిక్ పీపుల్: లైసెన్సు లేని బ్యాండ్

చెకోస్లొవేకియాలో 1970లలో ఎవరైనా గిటార్ పట్టుకుని టికెట్టు పెట్టి కచేరీ చెయ్యాలంటే ముందు చేతిలో ఒక కాగితం ఉండాలి. ప్రభుత్వ కళా సంస్థల్లో ఏదో ఒకటి ఆ బ్యాండ్‌ను తన ఖాతాలో రాసుకోవాలి. పరీక్షాధికారుల ముందు వాయించి చూపించాలి. సంగీతం గురించే కాక రాజకీయాల గురించి కూడా అడిగితే జవాబు చెప్పాలి. నెగ్గిన వాళ్ళకు ఒక తరగతి, ఆ తరగతిని బట్టి పారితోషికం. యాంప్లిఫయర్లు, స్పీకర్లు, హాలు అన్నీ ఆ సంస్థ చలవే. నెగ్గకపోతే పాడొద్దని ఎవరూ ఉత్తర్వు ఇవ్వరు. పాడటానికి చోటు దొరకదు, అంతే.

ఈ కాగితాన్ని 1970లో పోగొట్టుకుని, ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళ పాటు అది లేకుండానే బతికిన ప్రాగ్ బ్యాండ్ పేరు ‘ద ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ద యూనివర్స్’. దీని గురించి బయటి ప్రపంచంలో ఎక్కువగా చలామణి అయ్యే కథ ఒకటుంది: రాక్ సంగీతం కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని పడగొట్టిందని. కమ్యూనిస్టు పాలనను ముగించిన 1989 నాటి ‘వెల్వెట్ విప్లవానికి’ ఆ పేరు అమెరికన్ బ్యాండ్ వెల్వెట్ అండర్‌గ్రౌండ్ నుంచి వచ్చిందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. రెండూ వినసొంపుగానే ఉంటాయి. అసలు జరిగింది చూస్తే, ఆ బ్యాండ్‌కు ప్రభుత్వాన్ని కూల్చే ఉద్దేశం ఏ కోశానా లేదు. వాళ్ళ పాటల్లో పార్టీ గురించి, సోవియట్ ట్యాంకుల గురించి వెతికితే దొరికేది చాలా తక్కువ. వాళ్ళను రాజకీయాల్లోకి ఈడ్చింది ప్రభుత్వ కార్యాలయాలే. ఒక కాగితాన్ని లాగేసుకోవడంతో మొదలైన వ్యవహారం ఆరేళ్ళలో కోర్టుకు చేరింది, ఏడో ఏట దేశంలోకెల్లా ముఖ్యమైన హక్కుల ఉద్యమానికి కారణమైంది.

బ్యాండ్ పుట్టింది 1968 శరదృతువులో. ఆగస్టు 21 తెల్లవారేసరికి సోవియట్ నాయకత్వంలోని వార్సా ఒప్పంద దేశాల సైన్యాలు ప్రాగ్‌లోకి దిగి, పార్టీ నాయకుడు అలెగ్జాండర్ దుబ్చెక్ సంస్కరణలకు అడ్డుకట్ట వేశాయి. ఆ తర్వాత కొద్ది వారాలకే బ్ర్జెవ్‌నోవ్ పేటకు చెందిన పదిహేడేళ్ళ మిలాన్ హ్లావ్సా స్నేహితులను కూడగట్టి బ్యాండ్ పెట్టాడు. అందరూ అతన్ని మేయ్‌లా అనేవారు. చదువు కసాయి పనిలో, వాయించేది బేస్ గిటార్. అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా 1967లో తెచ్చిన రికార్డులోని ఒక పాట నుంచి బ్యాండ్ పేరు తీసుకున్నారు. మొదట్లో వాయించినవన్నీ అమెరికా సరుకే: వెల్వెట్ అండర్‌గ్రౌండ్, జప్పా, ఫగ్స్. ముఖాలకు రంగులు, వేదిక మీద మంటలు, వింత దుస్తులు. సైనికాక్రమణకు నిరసనగా పుట్టిన బ్యాండ్ అని దీన్ని పరిచయం చేసేవాళ్ళు తేదీలు పక్కపక్కన ఉండటం చూసి తొందరపడుతున్నారనే చెప్పాలి. ట్యాంకులు రాకపోయినా హ్లావ్సా ఆ బ్యాండ్ పెట్టేవాడే.

అప్పటికే చెక్ దేశంలో ‘బిగ్ బీట్’ అని పిలిచే రాక్ సంగీతానికి గట్టి పునాది ఉంది. 1962లో మొదలై, పీటర్ యాండా నాయకత్వంలో ఎదిగిన ఒలింపిక్ బ్యాండ్ 1968లో ‘జెల్వా’ అనే రికార్డు తెచ్చింది. చెక్ రాక్ చరిత్రలో మొదటి పూర్తి స్థాయి ఆల్బమ్‌గా దాన్నే చెప్పుకుంటారు. మరోవైపు పొడుగు జుట్టు మీద ప్రభుత్వానికి పాత కక్ష ఉండనే ఉంది. 1966 వేసవి చివర్లో పోలీసులు జుట్టు పెంచిన కుర్రాళ్ళను వేల సంఖ్యలో పట్టుకుని, చాలామందికి బలవంతంగా కత్తిరింపు చేయించారు. ‘మానిచ్కి’ అని ఎగతాళిగా పిలిచే ఆ కుర్రాళ్ళే తర్వాత ప్లాస్టిక్ పీపుల్ శ్రోతలయ్యారు.

బ్యాండ్ దిశను మార్చిన మనిషి వాద్యకారుడు కాదు. ఇవాన్ మార్టిన్ యిరౌస్ కళా చరిత్రకారుడు, కవి. లోకానికి అతను ‘మాగోర్’, అంటే పిచ్చోడు. ప్రిమిటివ్స్ గ్రూప్ అనే మరో బ్యాండ్‌తో పనిచేసిన ఇతను, అది విడిపోయాక ప్లాస్టిక్ పీపుల్‌కు కళా దర్శకుడయ్యాడు. అక్కడి నుంచే యోసెఫ్ యానీచెక్ కూడా వచ్చి చేరాడు. వయొలా వాయించే యిర్జీ కబేష్ కూడా తోడవడంతో మిగతా రాక్ బ్యాండ్లకు లేని ఒక గరుకు శబ్దం వీళ్ళకు అబ్బింది. ఆంగ్లంలో పాడటానికి మనిషి కావాలి గనక, ప్రాగ్‌లో ఆంగ్లం నేర్పుతున్న కెనడా యువకుడు పాల్ విల్సన్‌ను 1970లో తీసుకున్నారు. తర్వాత నాటక రచయిత వాస్లావ్ హావెల్ రచనల్ని ఆంగ్లంలోకి తెచ్చినవాడు ఈ విల్సనే.

ఇక 1970లో కాగితం పోయింది. ఆక్రమణ తర్వాత గుస్తావ్ హుసాక్ ప్రభుత్వం ‘సాధారణీకరణ’ పేరుతో అన్ని రంగాలనూ తిరిగి లైన్లో పెట్టడం మొదలుపెట్టింది. ఆంగ్ల పేర్లు మార్చుకోవాలి, జుట్టు కత్తిరించుకోవాలి, పాటల జాబితా సరిచేసుకోవాలి. చాలా బ్యాండ్లు సర్దుకున్నాయి. ఒలింపిక్ కూడా అధికారిక వేదికల మీదే కొనసాగింది. సర్దుకున్నవాళ్ళను తప్పుపట్టడం ఇప్పుడు తేలిక. సంగీతమే జీవనాధారమైనవాళ్ళకు ఆ కాగితం అంటే జీతం. ప్లాస్టిక్ పీపుల్ మాత్రం మొండికేసింది. ప్రభుత్వ సామగ్రి వెనక్కి పోయింది. యానీచెక్ పాత ట్రాన్సిస్టర్ రేడియోల విడిభాగాలతో యాంప్లిఫయర్లు తయారు చేశాడు. పని లేకుండా తిరిగితే ‘పరాన్నజీవనం’ నేరం కింద జైలుకు పంపే చట్టం ఉన్న దేశం గనక, సభ్యులందరూ గుర్తింపు పుస్తకంలో ముద్ర పడటానికి ఏదో ఒక కూలి పని చూసుకున్నారు.

లైసెన్సు లేకుండా కచేరీ ఎలా? ఇక్కడ యిరౌస్ బుర్ర పనిచేసింది. అతనికి కళా చరిత్రకారుడిగా ఉపన్యాసం ఇచ్చే హక్కుంది. అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ మీద ప్రసంగం అని చెప్పి హాలు అడిగేవాడు. కొద్ది నిమిషాలు స్లైడ్లు చూపించి, వార్‌హోల్‌తో సంబంధం ఉన్న వెల్వెట్ అండర్‌గ్రౌండ్ సంగీతం ఎలా ఉంటుందో ఇప్పుడు ఉదాహరణతో చూద్దాం అనేవాడు. ఆ ‘ఉదాహరణ’ గంటల తరబడి సాగేది. నియమం అక్షరాలా పాటించినట్టే, నియమం పెట్టినవాడి నోట్లో మట్టి కొట్టినట్టే.

1972లో శాక్సఫోన్ వాద్యకారుడు వ్రాతిస్లావ్ బ్రబెనెత్స్ వచ్చాడు. మిగతావాళ్ళ కంటే పెద్దవాడు, జాజ్ నుంచి వచ్చినవాడు, తోటమాలి పని తెలిసినవాడు, ప్రొటెస్టెంట్ వేదాంతం చదివినవాడు. తను చేరాలంటే ఇతరుల పాటలు మానెయ్యాలి, సొంత పాటలే, అవీ చెక్‌లోనే పాడాలి అని షరతు పెట్టాడు. ఈ ఒక్క షరతుతో అనుకరణ బ్యాండ్ సొంత బ్యాండ్ అయింది. సాహిత్యం కోసం వాళ్ళు వెళ్ళింది ఎగోన్ బోండి దగ్గరికి. అసలు పేరు జ్బినెక్ ఫిషర్. పుస్తకాలు అచ్చుకు నోచుకోని కవి, తత్వవేత్త, మార్క్సిస్టు. మార్క్సిస్టు అన్నది మరిచిపోకూడదు, ఎందుకంటే ఈ వర్గమంతా పశ్చిమ దేశాల పెట్టుబడిదారీ విధానం మీద మోజుపడిందనే ఊహ నిలవదు. బోండి పద్యాలు పొట్టిగా, మోటుగా, నవ్వు తెప్పించేలా ఉంటాయి. మలబద్ధకం మీద కూడా ఒకటుంది. హ్లావ్సా వాటికి పట్టిన బాణీల్లో మాధుర్యం వెతకడం దండగ. బేస్ గిటార్ ఒక చిన్న పదబంధాన్ని పట్టుకుని వదలకుండా తిప్పుతూ ఉంటుంది. దాని మీద వయొలా గీరుతుంది, శాక్సఫోన్ దారి తప్పినట్టు అరుస్తుంది. గొంతు పాడదు, మాటలు విసురుతుంది. మొదటిసారి వినేవారికి మోటుగా అనిపిస్తుంది. నాలుగోసారికి ఆ తిప్పుడే తలలో కూర్చుంటుంది.

1973లో మరోసారి లైసెన్సుకు వెళ్ళారు. మొదట సరేనన్నట్టే అని, తర్వాత ఈ సంగీతం రోగగ్రస్తంగా ఉంది, సమాజానికి చెరుపు చేస్తుంది అని తిప్పికొట్టారు. అధికారిక ద్వారం మూసుకుపోయింది. అక్కడి నుంచి బ్యాండ్‌కు మిగిలింది పల్లెటూళ్ళ సత్రాలు, కొట్టాలు, పెళ్ళి విందులు. కచేరీ ఎక్కడో చివరి నిమిషం దాకా ఎవరికీ తెలియదు. నోటి మాటగా వార్త పాకితే, ఏదో చిన్న స్టేషన్లో దిగి, పొలాల్లో, అడవిలో నడుచుకుంటూ వచ్చేవారు.

1974 మార్చి 30న చెస్కే బుద్యెయోవిత్సె పట్టణం పక్కన రుడోల్ఫోవ్ అనే ఊళ్ళో కచేరీ అని వెయ్యి మందికి పైగా వెళ్ళారు. బ్యాండ్ ఆ రాత్రి ఒక్క పాట కూడా వాయించలేదు. పోలీసులు లాఠీలతో, కుక్కలతో దిగి, జనాన్ని రైల్వే స్టేషన్ వైపు తరిమారు. పట్టాల కింది నుంచి వెళ్ళే సొరంగ మార్గంలో రెండు వైపులా నిలబడి, మధ్యలో నుంచి పోతున్నవాళ్ళను చితకబాదారు. తర్వాత రైళ్ళెక్కించి ప్రాగ్‌కు పంపేశారు. చదువుకుంటున్న కొందరి చదువులు ఆ రాత్రితోనే పోయాయి. ఆ వర్గంలో దీన్ని ‘బుద్యెయోవిత్సె ఊచకోత’ అని పిలుచుకున్నారు. ఎవరూ చనిపోలేదు గనక మాట కాస్త పెద్దదే. ఆ సొరంగం దాటి వచ్చినవాళ్ళకు పెద్దది అనిపించి ఉండదు.

దెబ్బలు తిన్నవాళ్ళు చెదిరిపోతారని పోలీసులు లెక్కేసుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో పోస్తుపిత్సె గ్రామంలో ‘రెండో సంస్కృతి’ మొదటి ఉత్సవం జరిగింది. ఆ పేరు వెనక యిరౌస్ ఆలోచన ఉంది. దాన్ని 1975లో ‘మూడో చెక్ సంగీత పునరుజ్జీవనం మీద నివేదిక’ అనే వ్యాసంలో విడమరిచాడు. అధికారిక సంస్కృతితో పోట్లాడటం, దాన్ని మార్చడానికి ప్రయత్నించడం తమ పని కాదన్నాడు. దాని గుర్తింపు, దాని జీతం, దాని బహుమతులు అక్కర్లేని వేరే సంస్కృతిని పక్కనే కట్టుకోవాలి. నమ్మకం లేని సంగీతం వాయించడం కన్నా అసలు వాయించకపోవడమే మేలు. అధికారం చేతిలో ఉన్నవాళ్ళకు ఇది మామూలు తిరుగుబాటు కన్నా ఎక్కువ చికాకు. తమ కాగితం కోసం గొడవపడేవాడిని లొంగదీసుకోవచ్చు, ఆ కాగితమే వద్దనేవాడిని ఏ ఆశ చూపి లొంగదీస్తారు?

1976 ఫిబ్రవరి 21న బోయనోవిత్సెలో యిరౌస్ పెళ్ళి, దాంతో పాటే రెండో ఉత్సవం. మార్చిలో అరెస్టులు మొదలయ్యాయి. బ్యాండ్ సభ్యులు, మిత్ర బ్యాండ్ డీజీ 307 వాళ్ళు, పాటలు పాడే ప్రొటెస్టెంట్ పాస్టర్ స్వాతోప్లుక్ కరాసెక్, ఇంకా చాలామంది. కరాసెక్ సంగతి కూడా కాగితం సంగతే. మతాధికారులకూ ప్రభుత్వ అనుమతి ఉండాలి, ఆయనది అంతకు ముందే రద్దయింది. ప్రభుత్వ పత్రికలు వీళ్ళందరినీ తాగుబోతులు, మత్తుమందుల బానిసలు అని రాశాయి.

లెక్క తప్పింది ఇక్కడే. ఈ అరెస్టులకు కొద్ది వారాల ముందు, చలికాలంలో, యిరౌస్‌ను నాటక రచయిత హావెల్‌కు ఒక మిత్రుడు పరిచయం చేశాడు. అప్పటిదాకా ఒకరి గురించి ఒకరికి గొప్ప అభిప్రాయం లేదు. హావెల్‌ను నిన్నటి పెద్దమనుషుల సంఘంలో ఒకడిగా చూశాడు యిరౌస్. హావెల్‌కు ఈ జుట్టు కుర్రాళ్ళ గురించి తెలిసిందల్లా పుకార్లే. యిరౌస్ గరగరలాడే టేప్ రికార్డర్‌లో పాటలు వినిపించాడు. వాటిలో హావెల్‌కు ఏదో కలవరపెట్టే మాయ, లోపలి నుంచి వచ్చిన నిజాయితీ వినిపించాయి. రాత్రంతా మాట్లాడుకున్నారు. ఈసారి కచేరీకి వస్తానన్నాడు హావెల్. అది జరగకముందే యిరౌస్ జైల్లో పడ్డాడు.

రాజకీయ ప్రత్యర్థులను అరెస్టు చేసి ఉంటే ప్రభుత్వానికి ఇబ్బంది ఉండేది కాదు. ఎత్తు, పైఎత్తు ఇద్దరికీ తెలిసిన ఆటే అది. ఏ అధికారాన్నీ కోరని ఇరవై, పాతికేళ్ళ కుర్రాళ్ళను, తమకు నచ్చినట్టు పాడుకున్నందుకు లోపలేస్తే? రేపు ఎవరినైనా ఇలాగే లోపలెయ్యొచ్చు. హావెల్ పట్టుకున్న పాయింటు ఇదే, మిగతా మేధావులకు ఇంటింటికీ తిరిగి చెప్పిందీ ఇదే. తత్వవేత్త యాన్ పాటొచ్కా, తర్వాత 1984లో నోబెల్ అందుకున్న కవి యారొస్లావ్ సైఫర్ట్ లాంటివాళ్ళు జర్మన్ రచయిత హైన్రిక్ బోల్‌కు బహిరంగ లేఖ రాశారు. రాక్ సంగీతం ఎన్నడూ విని ఉండని పెద్దాయన పాటొచ్కా ఈ బ్యాండ్ గురించి ప్రత్యేకంగా వ్యాసం కూడా రాశాడు. ఒత్తిడి పెరిగేసరికి హ్లావ్సా, యానీచెక్ సహా చాలామందిని విచారణ లేకుండానే వదిలేశారు.

సెప్టెంబరులో ప్రాగ్ కోర్టులో నలుగురు మిగిలారు. నేరం అల్లరి చెయ్యడం, ప్రజాశాంతికి భంగం కలిగించడం. సాక్ష్యం ప్రధానంగా పాటల్లోని బూతు మాటలు. యిరౌస్‌కు 18 నెలలు, డీజీ 307 కవి పావెల్ జయీచెక్‌కు 12, కరాసెక్‌కు, బ్రబెనెత్స్‌కు ఎనిమిదేసి నెలలు. ఈ శిక్షల కన్నా కోర్టు వరండాలో జరిగింది ముఖ్యం. 1968 తర్వాత పార్టీ నుంచి వెలివేసిన పాత కమ్యూనిస్టులు, క్రైస్తవులు, రచయితలు, జడలు కట్టిన జుట్టు కుర్రాళ్ళు అందరూ ఒకే మెట్ల మీద నిలబడి తలుపు తెరుచుకోవడం కోసం ఎదురు చూశారు. ఇన్నేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూడని వర్గాలివి.

ఆ మెట్ల మీది పరిచయాల నుంచే చార్టర్ 77 అనే హక్కుల పత్రం వచ్చింది. హెల్సింకీ ఒప్పందం ప్రకారం తను సంతకం చేసిన మానవ హక్కులను ప్రభుత్వం పాటించాలని కోరడం తప్ప ఆ పత్రంలో కొత్త డిమాండు లేదు. 1977 జనవరి 1 తేదీతో, 240 మందికి పైగా తొలి సంతకాలతో వెలువడింది. ప్రతినిధులు హావెల్, పాటొచ్కా, మాజీ విదేశాంగ మంత్రి యిర్జీ హాయెక్. సుదీర్ఘమైన పోలీసు విచారణల తర్వాత పాటొచ్కా ఆ మార్చిలోనే కన్నుమూశాడు. ప్రభుత్వం బదులుగా కళాకారులను పిలిచి చార్టర్‌కు వ్యతిరేకంగా సంతకాలు పెట్టించింది. పాప్ సంగీతం వాళ్ళ కోసం ఫిబ్రవరిలో వేరే సభ పెట్టి, దేశంలోకెల్లా పెద్ద గాయకుడు కారెల్ గోట్ చేత మాట్లాడించారు. చార్టర్‌లో ఏముందో చదవకుండానే చాలామంది సంతకం చేశారు. ఎందుకంటే దాన్ని ఎక్కడా అచ్చు వెయ్యలేదు.

ఆ తర్వాతి ఏళ్ళు ప్లాస్టిక్ పీపుల్‌కు సంగీతపరంగా పండిన ఏళ్ళు, మనుషులపరంగా అరిగిపోయిన ఏళ్ళు. హౌస్కా కోటలో అంతకు ముందే రికార్డు చేసిన బోండి పాటలు దొంగచాటుగా సరిహద్దు దాటి, 1978లో ఫ్రాన్స్‌లో ఎల్‌పీగా వచ్చాయి. బ్యాండ్‌ను అడిగి చేసింది కాదు. అదే ఏడాది ఏప్రిల్‌లో హ్రాదెచెక్‌లో హావెల్ పల్లె ఇంటి కొట్టంలో, బయట పోలీసులు కాపలా ఉండగా, క్రీస్తు శ్రమల గాథను వాయించి రికార్డు చేశారు. వచనం బ్రబెనెత్స్‌ది. వాళ్ళు చేసినవాటిలో ఏది విని మొదలుపెట్టాలని అడిగితే సమాధానం ఇదే. బోండి పాటల్లోని ఎగతాళి పోయి, తీర్పు కోసం నిలబెట్టిన మనిషి చుట్టూ తిరిగే బరువు వచ్చింది. దేశం నుంచి 1977లో వెళ్ళగొట్టిన పాల్ విల్సన్, కెనడాలో బోజీ మ్లీన్ అనే లేబుల్ పెట్టి ఈ రికార్డులు విడుదల చేశాడు. దేశంలో అవి టేపుల మీద ప్రతికి ప్రతి తీసుకుంటూ తిరిగాయి.

రహస్య పోలీసులు ఈ దశలో పద్ధతి మార్చారు. కోర్టులో నిలబెడితే బయట గొడవ అవుతోంది, దేశం వదిలిపోయేదాకా వేధిస్తే పేరు రాదు. ఈ పనికి ‘అసనాత్సె’ అనే సంకేత నామం పెట్టారు. పారిశుధ్యం పని అన్నట్టు. అర్ధరాత్రి పిలుపులు, విచారణలు, బెదిరింపులు. కరాసెక్ స్విట్జర్లాండ్‌కు, జయీచెక్ స్వీడన్‌కు, 1982లో బ్రబెనెత్స్ కెనడాకు వెళ్ళిపోయారు. ఆ వర్గం వాళ్ళు కలిసి ఉండటానికి నోవా వీస్కాలో కొనుక్కున్న ఇంటిని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. యిరౌస్ మళ్ళీ మళ్ళీ లోపలికి వెళ్ళాడు. అన్నీ కలిపితే ఎనిమిదేళ్ళ పైమాటే. బ్యాండ్ 1980లలో కచేరీలు దాదాపు మానేసి, రికార్డింగుల్లోనే బతికింది.

1980ల చివరికి సోవియట్ నాయకుడు గోర్బచేవ్ సంస్కరణల గాలి ప్రాగ్‌కు కూడా తగిలింది. అధికారులు పట్టు కాస్త సడలించారు. కొన్ని షరతులకు ఒప్పుకుంటే బహిరంగంగా వాయించుకోవచ్చన్న సూచనలు వచ్చాయి. ఒప్పుకుందామన్నవాళ్ళు, వద్దన్నవాళ్ళు విడిపోయారు. లాఠీలకు, జైళ్ళకు, దేశబహిష్కారానికి తట్టుకున్న బ్యాండ్ 1988లో అనుమతి దొరికే అవకాశం వచ్చేసరికి చీలిపోయింది. దీన్ని విధి వైపరీత్యం అనుకోనక్కర్లేదు. ‘వద్దు’ అనడం మీద నిలబడిన స్నేహాలవి. వద్దనాల్సిన అవసరం తగ్గగానే, ఇరవై ఏళ్ళలో ఎవరు ఎంత అలిసిపోయారో బయటపడింది. హ్లావ్సా ‘పూల్‌నోత్స్’ అనే కొత్త బ్యాండ్‌తో 1989 వసంతంలో అమెరికా పర్యటనకు కూడా వెళ్ళాడు. ఆ నవంబరులో ప్రభుత్వం పడిపోయింది, డిసెంబరు 29న హావెల్ అధ్యక్షుడయ్యాడు. వీధుల్లోకి వచ్చిన లక్షల మందిలో ప్లాస్టిక్ పీపుల్ పాటలు విన్నవాళ్ళ వాటా చిన్నదే. బ్యాండ్ చేసిన మేలు పదమూడేళ్ళ ముందు, ఆ కోర్టు మెట్ల మీద అయిపోయింది.

1997లో చార్టర్ ఇరవై ఏళ్ళ సందర్భంగా, హావెల్ కోరిక మీద మళ్ళీ కలిశారు. బ్రబెనెత్స్ కెనడా నుంచి తిరిగొచ్చాడు. 1998 సెప్టెంబరులో శ్వేతసౌధంలో హావెల్‌కు ఇచ్చిన విందులో హ్లావ్సా, తన కుర్రతనపు దేవుడు, వెల్వెట్ అండర్‌గ్రౌండ్ గాయకుడు లూ రీడ్ పక్కన నిలబడి వాయించాడు. 2001 జనవరి 5న, యాభై నిండకుండానే, ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయాడు. బాణీల్లో ఎక్కువ భాగం అతనివే గనక ఇక ముగిసిందనుకున్నారు. ఎవా టుర్నోవా బేస్ అందుకుంది, బ్యాండ్ సాగింది. యిరౌస్ 2011 నవంబరులో, హావెల్ ఆ మరుసటి నెలలో వెళ్ళిపోయారు.

బోండి కథకు మాత్రం ఒక చేదు ముగింపు ఉంది. రహస్య పోలీసుల దస్తావేజులు బయటికొచ్చాక, ఆయన వేర్వేరు కాలాల్లో వాళ్ళకు సమాచారం ఇచ్చినట్టు తేలింది. దేశం రెండుగా విడిపోయాక ఆయన స్లొవేకియా పౌరసత్వం తీసుకుని బ్రాటిస్లావాకు మారాడు. 2007లో సిగరెట్ నిప్పు బట్టలకు అంటుకుని, కాలిన గాయాలతో చనిపోయాడు. ఆయన్ను క్షమించాలా వద్దా అన్నదాని మీద పాత మిత్రులు ఒక మాట మీదికి రాలేదు. ఆయన పద్యాలకు హ్లావ్సా కట్టిన పాటలను మాత్రం బ్యాండ్ తన జాబితాలోంచి తీసెయ్యలేదు.